మంచుకి ఎండలో పీట

బిష్కెక్
2021 సెప్టెంబరు 4, శనివారం

అమ్మకి నేను రాసిన ఉత్తరాన్ని ఊరి క్లబ్బులో అందరి ముందూ చదివించావు. చదివించి ఊరుకోలేదు, జనం నవ్వుతుంటే పక్కనే కూర్చుని విన్నావు. సాతార్‌కుల్ మామయ్యా, ఇది నువ్వు చేసిన తప్పు. ముందు అది చెప్పేశాక మిగతాది రాస్తున్నాను.

నాకెలా తెలిసిందని అడుగుతావేమో. మాకెన్ చెప్పాడు. వారానికి ఒకసారి వ్యాను తోలుకుంటూ వచ్చి, జనాన్ని దించినట్టే కబుర్లనీ దించి పోతాడు వాడు. "మీ ఊళ్లో నీ పేరు మారిపోయిందోయ్ ఎర్నిస్, పొగబాబు అంటున్నారు," అన్నాడు. అంటూ నవ్వాడు. బస్టాండులో, పరాయివాళ్ల మధ్య.

ఆ ఉత్తరంలో ఏముంది? మే నెలలో వాగు సన్నబడి పోయిందని, ఈనిన గొర్రెల్ని రోజూ పెద్ద ఏటిదాకా తోలలేక అలసిపోతున్నానని, చలికాలానికి ముందే సగం అమ్మేస్తానని అమ్మ రాసింది. మిగతా సగాన్ని కూడా మరుసటి ఏడు అమ్మేసి నా దగ్గరికి వచ్చేస్తుందట. ఇక్కడ బజారులో సమోసాలు వేస్తుందట. మంచం పట్టేంత గదిలో నేనూ, తలాస్ కుర్రాడొకడూ ఉంటున్నాం. అమ్మకి పట్నం ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఒకసారి చుట్టాల పెళ్లికొచ్చినప్పుడే మూడో రోజుకి గోడలు మీద పడుతున్నాయని ఏడ్చింది.

అందుకే వద్దని రాశాను. వాగు ఎందుకు సన్నబడుతోందో రాశాను. కొండ మీద మంచు కరిగి వెనక్కి పోతోంది. లోకమంతా బొగ్గూ చమురూ కాల్చి వదిలిన పొగ దుప్పటిలా కప్పేసి వేడిని పోనివ్వడం లేదు, అందులో పట్నానికి కరెంటూ, ఇళ్లకి వేడీ ఇచ్చే, నేను పనిచేసే ఈ కేంద్రం పొగ కూడా ఉందని రాశాను. దాచి రాయాల్సిన పనేముంది? వ్యాగన్లలోంచి బొగ్గు దించేవాణ్ణి నేనే. తర్వాత ఏం చేయొచ్చో కూడా రాశాను. పైనున్న ఊట నుంచి గొట్టం వేసి, చలికాలమంతా ఆ నీళ్లని నిలువు గొట్టంలోంచి పైకి చిమ్మిస్తే పడ్డది పడ్డట్టు గడ్డకట్టి దిబ్బ అవుతుంది. వసంతంలో అది మెల్లగా కరిగి గొర్రెలకి నీళ్లిస్తుంది. పక్క లోయవాళ్లు పోయిన ఏడు చేశారు. ఫోనులో చూశాను. మూడంతస్తుల ఎత్తు.

ఇందులో నవ్వడానికి ఏముంది? చలికాలానికి రెండు లోపలి బనీన్లు పంపమని కూడా అదే ఉత్తరంలో రాశాను. అదీ చదివారా?

నాకు కావలసింది ఒక్కటే. వచ్చే వసంతంలో అమ్మ గొర్రెలు మన మేత భూమిలోనే నీళ్లు తాగాలి. దానికి గొట్టం వెయ్యాలి. ఊరి నీటి పంపకం చూసే పెద్దమనిషివి నువ్వే. నువ్వు ఊ అంటే ఊరు ఊ అంటుంది. నువ్వేమో నవ్వుతూ కూర్చున్నావు.

అత్తని అడిగానని చెప్పు. ఆమె మీద నాకు కోపం లేదు.

ఎర్నిస్


అక్-కొల్తుక్
సెప్టెంబరు 16

ఒరే అల్లుడూ,

నీ కోపం క్షేమంగా చేరింది. దారిలో ఎక్కడా చల్లారలేదు, మాకెన్ వ్యానులో హీటరు బాగు చేయించినట్టున్నాడు. మేమంతా కులాసా. మీ అత్త నడుంనొప్పి తగ్గింది. నల్లావు తప్పిపోయి రెండు రోజులకి తనే వచ్చింది, ఎక్కడికెళ్లిందో చెప్పలేదు.

ఇక నీ ఉత్తరం సంగతి. నేను చదివించలేదురా. మీ అమ్మే తెచ్చి ఇచ్చింది. "మా వాడు ఎంత బాగా రాశాడో చూడు అన్నయ్యా, ఇది అందరూ వినాలి," అని జెయ్‌నెప్ పంతులమ్మ చేతిలో పెట్టింది. పంతులమ్మ గొంతు సంగతి నీకు తెలిసిందే, నీకు ఎక్కాలు నేర్పిన గొంతు. క్లబ్బు బయట కట్టేసిన గుర్రాలు కూడా విన్నాయి. బనీన్ల సంగతి కూడా చదివింది. అల్లడం మొదలుపెట్టిందట మీ అమ్మ, రంగు మాత్రం అడగొద్దంది.

నవ్విన మాట నిజమే. ఎందుకు నవ్వారో అది మాకెన్ చెప్పలేదు కదా. "పారతో బొగ్గు ఎత్తి పోస్తున్న ప్రతిసారీ మన కొండే గుర్తొస్తుంది" అని నువ్వు రాసిన చోట మీ అమ్మ లేచి, "ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొయ్యిలో బూడిద ఒక్కసారి ఎత్తలేదు, ఇప్పుడు పట్నం మొత్తానికి ఎత్తుతున్నాడట," అంది. దానికి నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వుంటే నువ్వూ నవ్వేవాడివి.

తర్వాత మాత్రం వాదం లేచింది. అసాన్‌కోజో తాత ఊరుకుంటాడా? "పొగా లేదు గిగా లేదు. కజఖ్ మైదానం నుంచి రాకెట్లు వదలడం మొదలైన ఏటి నుంచే వానలు చెడ్డాయి. రోజూ ఆకాశాన్ని పొడుస్తుంటే అది చిల్లులు పడదా? చిల్లుపడ్డ గుడారంలో చలి ఆగుతుందా, వేడి ఆగుతుందా?" అన్నాడు. పంతులమ్మ, "గుడారానికి చిల్లు పడితే లోపల చల్లబడాలి గాని వేడెక్కడం ఏమిటి తాతా," అంది. ఆయన, "నువ్వెప్పుడైనా గుడారంలో పడుకున్నావా, ఇటిక ఇంట్లో పుట్టినదానివి," అన్నాడు. సగం క్లబ్బు ఆయన వైపు, సగం పంతులమ్మ వైపు. ఎండిపోయిన అరల్ సముద్రం నుంచి ఉప్పు ధూళి కొట్టుకొచ్చి మంచు మీద పడుతోందని మూడో మాట కూడా వచ్చింది గాని అది ఒంటరిగా మిగిలిపోయింది.

నేనేమంటానంటావా. ఆ మంచు మా తాత కాలంలో పై మెట్టు మీద ఉండేదట, మా నాన్న చిన్నప్పుడు కిందికి దిగి వచ్చిందట, ఇప్పుడు మళ్లీ పైకి పోయింది. పోయింది వస్తుంది. కొండకి తొందర లేదు. నేను నలభై చలికాలాలు ఆ మేత భూమిలోనే ఉన్నాను, ఇంతకన్నా ఎండిన ఏళ్లు చూశాను. పైగా బొగ్గంటే ఇక్కడ మేమూ కాల్చుకుంటున్నాం. మా పొయ్యిలోది పొగ కాదా? ఆర్పమంటావా? నువ్వక్కడ బొగ్గు దించుతూ ఇక్కడికి పొగ మీద పాఠం రాస్తే, ఎవడ్రా వినేది?

గొట్టం మాట ఎవరూ కాదనలేదు, అవుననలేదు. ముందు కారణం తేలనివ్వండి అన్నారు.

మీ అమ్మతో నేను చెప్పాను, నీ గొర్రెల్ని నా మందలో కలిపెయ్ చెల్లీ, ఏటిదాకా నేనే తోలుతానని. ఏమీ మాట్లాడలేదు. నువ్వు కూడా ఒక మాట చెప్పు.

ఎండబెట్టిన పెరుగుండలు పంపుతున్నాం, ఉప్పు కాస్త ఎక్కువైంది. తలాస్ కుర్రాడికీ పెట్టు.

మీ మామయ్య సాతార్‌కుల్


బిష్కెక్
సెప్టెంబరు 25

ఉత్తరం ఇచ్చింది అమ్మే అని తెలిసింది. సరే, ఆ తప్పు నీ మీంచి తీసేశాను. కొత్తది ఒకటి పెడుతున్నాను.

అమ్మ గొర్రెల్ని నీ మందలో కలుపుకుంటావా? కలిపాక అవి ఎవరివి? రెండేళ్లకి ఎవరి చెవికోత ఏదో ఎవరికి గుర్తుంటుంది? ఒంటరి ఆడమనిషి మందని మింగెయ్యడానికి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు. ఆమె మాట్లాడలేదన్నావు. నువ్వు పెద్దన్నవి, ఎలా మాట్లాడుతుంది?

ఇది కూడా క్లబ్బులో చదువుతారని నాకు తెలుసు. చదవండి. పంతులమ్మగారూ, నమస్కారం, కాస్త గట్టిగానే చదవండి.

అసాన్‌కోజో తాతా, మీరు పెద్దవారు, మాట జారితే మన్నించండి. రాకెట్లు ఏడాదికి ఎన్ని ఎగురుతాయి? మా కేంద్రానికి బొగ్గు రైలు రోజూ వస్తుంది. రాత్రీ పగలూ దించినా తరగదు. పొగగొట్టం మన క్లబ్బుని నిలువునా పది పేర్చినంత ఉంటుంది, అది ఒక్క గంట కూడా ఆగదు. ఇలాంటివి ఈ భూమి మీద ఎన్ని ఉన్నాయో నేను లెక్క చదివి రెండు రోజులు సరిగ్గా తినలేకపోయాను. ఒకవైపు అది పెట్టి, మరోవైపు మీ రాకెట్లు పెట్టి మీరే తూచండి.

నేను పై చదువులు చదవలేదు. తొమ్మిదితో ఆపేసినవాణ్ణి. మా బాయిలరు విభాగంలో ఒక ఇంజనీరు పాత పత్రికలు పారేస్తుంటే ఏరుకుని చదివాను. అర్థం కానిచోట మళ్లీ చదివాను. ఇప్పటికీ సగం అర్థం కాదు. అర్థమైన సగం చాలు.

ఇక్కడా ఇదే గొడవ. పోయిన వారం గేటు ముందు జనం మాస్కులు పెట్టుకుని నిలబడ్డారు. పిల్లలకి ఊపిరాడడం లేదు, మీ పొగే అన్నారు. మా మేస్త్రీ, "మాది కాదు, పాకల్లో పాత టైర్లు కాల్చేవాళ్లది," అన్నాడు. పాకలవాళ్లు, "మాకు గ్యాసు ఇవ్వండి, ఎవడికి సరదా టైర్లు కాల్చడం," అన్నారు. నాకన్నా చిన్న పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చి, "నీకు సిగ్గుగా లేదా," అంది. "మీ ఇంట్లో వేడి గొట్టం ఉందా," అన్నాను. ఉందంది. "జనవరిలో ముట్టుకుని చూడు, అది నేనే," అన్నాను. తలెత్తి పొగగొట్టం వైపు చూసింది. తర్వాత, "అయినా పొగ పొగే కదా," అంది. అవునన్నాను. ఆమె చెప్పింది నిజమే. నేను చెప్పిందీ నిజమే. మేస్త్రీ మాత్రం అగ్నిపర్వతాల గురించి చెప్పుకుంటూ క్యాంటీనుకి పోయాడు.

మామయ్యా, బొగ్గు దించేవాడికి మాట్లాడే హక్కేమిటని రాశావు. ఇంకెవడికి ఉంది? చలికాలంలో వ్యాగన్లో బొగ్గు రాయిలా బిగిసిపోతే గునపంతో పొడిచేది నేను. బెల్టు కింద రాలినదాన్ని పారతో ఎత్తేది నేను. ఉమ్మితే నల్లగా వస్తుంది. కొండ మీద కూర్చుని పోయింది వస్తుందనడం తేలిక. మీ పొయ్యి ఆర్పమని నేను ఎక్కడా రాయలేదు. నా పొయ్యీ ఆర్పలేను. ఈ ఏడాది ఆర్పితే పట్నంలో సగంమంది చస్తారు. ఆ మార్చే పని పెద్దది, పెద్దవాళ్లు చెయ్యాలి, చెయ్యకపోతే గేటు ముందు నిలబడాలి. గొట్టం పని చిన్నది. మనం చెయ్యాలి.

కారణం తేలాక గొట్టమా? కాలు విరిగినవాణ్ణి మంచం మీద పడుకోబెట్టకుండా, గుర్రం తన్నిందా, నిచ్చెన జారిందా అని ఊరంతా వాదించుకుంటుందా? సోవియట్ కాలం నాటి సామూహిక వ్యవసాయ క్షేత్రం గొట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. కంచెలకీ, కోళ్ల గూళ్లకీ వాడుతున్నారు. పీకి పెట్టండి. ఊరంతా కలిసి చాకిరీ పెట్టుకుంటే పది రోజుల పని. అతుకులు నేను చెబుతాను. నేల గడ్డకట్టాక గునపం దిగదు, గుర్తుంచుకోండి.

పెరుగుండలు బాగున్నాయి. ఉప్పు ఎక్కువైంది నిజమే. తలాస్ కుర్రాడు ఒక్కడే సగం తినేశాడు.

ఎర్నిస్


అక్-కొల్తుక్
అక్టోబరు 7

మా ఇంటి ఉరుముకి ఆశీస్సులు.

ముందు మంచి కబురు చెప్పి తర్వాత నిన్ను తిడతాను. గొట్టం వేస్తున్నాం.

ఎలాగంటావా. నీ ఉత్తరం చదివారు. కాలు విరిగినవాడి మాట దగ్గర అందరూ అసాన్‌కోజో తాత వైపు చూశారు, పోయిన ఏడు ఆయన నిచ్చెన మీంచే పడ్డాడు కదా. నువ్వు ఆయన్నే అన్నావనుకున్నారు. తాత కూడా అలాగే అనుకున్నాడు. కర్ర పట్టుకుని లేచాడు. "ఆ కుర్రాడు నన్ను అన్నా అనకపోయినా, అప్పుడు నన్ను ముందు మంచం మీద పడుకోబెట్టింది నిజం," అన్నాడు. "రాకెట్ల మాట నేను వెనక్కి తీసుకోను. కానీ రాకెట్లని నేను ఆపగలనా? ఆపలేను. అయితే గొట్టం వెయ్యాల్సిందే," అన్నాడు. పంతులమ్మ, "పొగని ఇవాళ ఆపలేం, అందుకే గొట్టం," అంది. నేను, "ఎండిన ఏళ్లు పోయి మంచి ఏళ్లు వచ్చేదాకా గొట్టం," అన్నాను. ధూళి మాట అన్నవాడు కూడా చెయ్యెత్తాడు. ఒక్క కారణం మీద ఇద్దరు కలవలేదు, గొట్టం మీద ఊరంతా కలిసింది. చూశావా, కారణం తేలకపోయినా పని ఆగలేదు. ఇది నీ మాటే కదా, ఒప్పుకుంటున్నాను.

గొట్టాలు పోగేశాం. మా గేటు పీకి ఇచ్చాను, ఇప్పుడు నల్లావు ఎప్పుడు పడితే అప్పుడు పోతోంది. అసాన్‌కోజో తాత కోళ్లు చెట్టెక్కి పడుకుంటున్నాయి. ఊట దగ్గర నుంచి కాలువ గీత గీసేశాం. అక్టోబరు ఇరవై మూడు శనివారం తవ్వకం మొదలు. మీ అమ్మ ఒక గొర్రెని కోసి అందరికీ వండుతానంది. అమ్మడం కాదురా, వండడం. నీకు కావాల్సింది అదే కదా.

ఇప్పుడు తిట్టడం. చెల్లి మందని మింగేస్తానన్నావు. పంతులమ్మ ఆ వాక్యం కూడా గట్టిగానే చదివింది. నా చెవులు కాలిపోయాయి. మీ అమ్మ నెమ్మదిగా వచ్చి నా కప్పులో టీ పోసి, "ముందు ఇది మింగు అన్నయ్యా, గొర్రెలు తర్వాత," అంది. ఊరు ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుని నవ్వుతోంది. ఆమె నాకు జవాబివ్వకపోవడం భయం వల్ల కాదురా. "నీ మంద నా మందలో కలుపు అన్నయ్యా, నీకన్నా బాగా మేపుతా," అందామనుకుని ఊరుకుందట. నా చెల్లెల్ని నువ్వు నాకన్నా తక్కువ ఎరుగుదువు.

నీ మీద కోపం పెట్టుకోలేదని చూపించడానికి దిబ్బకి మంచి చోటు చూశాను. మీ తాత చలికాలం గుడారం వేసే చోటు గుర్తుందా? గాలి తగలదు, పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఎండ, గుమ్మం తూర్పు ఆగ్నేయానికి. ఆ లోయలో అంతకన్నా గౌరవమైన చోటు లేదు. ఎవడో కుర్రాడు ఎదుటి గట్టు కింద నీడవైపు పెడదామన్నాడు, నా గడ్డి మడి ఉన్నచోట. ఊరు కష్టపడి కట్టేదాన్ని చీకట్లో పడేస్తామా? అక్కడ గొర్రె కూడా పడుకోదు. పైగా జూన్ దాకా అక్కడ గడ్డ ఉంటే నా మొదటి కోత పోతుంది. వద్దన్నాను.

ఇంకొకటి. నీకు ఇరవై మూడు నిండాయి. మేనల్లుడు మేనమామ ఇంటి నుంచి కోరింది తీసుకెళ్లొచ్చు, మేనమామ కాదనకూడదు, ఇది మన రివాజు. నీ వయసువాళ్లంతా వచ్చి తోలుకుపోయారు. నువ్వొక్కడివే ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఎర్రమచ్చల గుర్రప్పిల్ల ఎదిగింది. నీ కోసమే ఉంచాను. నవంబరులో సెలవు పెట్టి రా.

బనీన్లు మాకెన్ చేతికి ఇచ్చాం. ఒకటి ఆకుపచ్చ.

మీ మామయ్య


బిష్కెక్
అక్టోబరు 16

మంచుని ఎండలో కూర్చోబెడుతున్నారు. సాతార్‌కుల్ మామయ్యా, మంచుని. ఎండలో.

నీ ఉత్తరం బస్టాండులోనే నిలబడి చదివాను. గొట్టం వేస్తున్నామన్న చోట పక్కనున్న ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపేశాను, ఆయనెవరో నాకు తెలియదు. గొర్రెని అమ్మడం కాదు వండడం అన్నచోట కళ్లు తుడుచుకున్నాను, అది కూడా రాస్తున్నాను, దాచను. అమ్మ మంద విషయంలో నేనన్న మాట తప్పు. అమ్మ నిన్నే మింగేస్తుందని తెలియక రాశాను. పేజీ తిప్పాను. మా తాత గుడారం వేసే చోటు అని ఉంది. చలికాలంలో మనిషికి ఏది కావాలో మంచుకీ అదే పెట్టారు. గాలి తగలకుండా, రోజంతా ఎండ, గుమ్మం తూర్పు ఆగ్నేయానికి. దుప్పటి కూడా కప్పుతారా? టీ పోస్తారా?

మీరు గుడారాలు వేసేవాళ్లు. మీ అరికాళ్లే మిమ్మల్ని ఎండవైపు తీసుకుపోతాయి. నాకూ అంతే, ఇక్కడ షెడ్డులో నిలబడ్డా ఎండ ఎక్కడ పడితే అక్కడికి జరుగుతాను. ఇది తెలివితక్కువ అనను. కానీ దిబ్బ మనిషి కాదు. అది గడ్డకట్టాలి, ఎండని తప్పించుకుని మే దాకా, జూన్ దాకా బతకాలి. గాలి తగలాలి దానికి. నువ్వు చూసిన చోట పెడితే జనవరిలో మూడంతస్తులు లేచి, మార్చి చివరికి బురద అవుతుంది. అప్పుడు వాగులో నీళ్లున్నాయి, ఎవడికి కావాలి? మేలో వాగు సన్నబడినప్పుడు అక్కడ మా తాత పొయ్యి రాళ్లు తప్ప ఏమీ మిగలదు. మళ్లీ అమ్మ ఏటిదాకా తోలుతుంది. మళ్లీ అమ్మేస్తానంటుంది. ఈసారి ఊరంతా, చూశాం మీ వాడి గొట్టం, అంటుంది. అప్పుడు ఏ ఉత్తరమూ పనిచెయ్యదు.

కారణం తేలకపోయినా పని ఆగలేదని రాశావు. చదివి నేనూ సంతోషించాను, నా మాటే నాకు తిరిగొచ్చిందని. షిఫ్టులో గునపం పట్టుకుని ఆలోచించాక తెలిసింది, నేనన్నది సగమే నిజం. గొట్టం వెయ్యడానికి కారణం అక్కర్లేదు. గొట్టం ఎక్కడ వెయ్యాలో చెప్పేది మాత్రం కారణమే. పోయిన చలి తిరిగొస్తుందని నువ్వు నమ్ముతున్నావు. అందుకే నీకు ఎండ అంటే భయం లేదు. రెండు మూడు ఏళ్లు గడిస్తే చాలనుకుంటున్నావు. వసంతం ఏటేటా ముందే వస్తుందని, ఏటేటా ఇంకాస్త వేడిగా వస్తుందని నమ్మినవాడు కాళ్లీడ్చుకుంటూనైనా నీడవైపే పోతాడు. నువ్వు క్లబ్బులో ఏమన్నావో నాకు అక్కర్లేదు మామయ్యా, నువ్వు చూపించిన చోటు చెప్పింది నీ మనసులో ఏముందో.

నిన్ను మాటలతో గెలవలేను. పంతులమ్మ కూడా నీతో గెలవలేదు. నా పత్రికలు నీకు పట్టవు. నలభై చలికాలాలు చూసినవాడివి, ఇరవై మూడు చూసినవాడు చెబితే మారతావా? మారవద్దు. కొండ తిరిగొస్తుందనే అనుకో, నాకు అభ్యంతరం లేదు. అసాన్‌కోజో తాత తన రాకెట్లని తన దగ్గరే ఉంచుకోనీ. నమ్మకం మార్చమని అడగను. అడిగేది వేరే.

గుర్రప్పిల్ల వద్దు. అందంగా ఉంటుందని తెలుసు, నువ్వు ఉంచావంటే మంచిదే ఉంచి ఉంటావు. దాన్ని తోలుకొచ్చి హాస్టలు మెట్ల కింద కట్టుకుంటానా? మేనల్లుడు కోరింది ఇవ్వాలని నువ్వే రాశావు. ఏది అడగాలో నిర్ణయించేది నువ్వు కాదు, నేను. అందుకని అడుగుతున్నాను. ఎదుటి గట్టు కింద నీ గడ్డి మడి నాకు కావాలి. నేల వద్దు, గడ్డి వద్దు, అక్కడ పడే నీడ కావాలి. ప్రతి ఏడూ, మొదటి మంచు నుంచి దిబ్బ కరిగేదాకా ఆ నీడ నాది. దిబ్బ అక్కడ లేస్తుంది.

నీ మొదటి కోత పోతుందని తెలుసు. ఒక ఆవుకి, రెండు గుర్రాలకి చలికాలం మేత తగ్గుతుంది. నవ్వుతూ ఇచ్చేదైతే నేను అడగను. నీకు పెద్దగా నష్టం లేనిది తీసుకుపోతే అది మేనల్లుడి హక్కు కాదు, బిచ్చం. మా నాన్న పోయినప్పుడు అమ్మని పట్నం అత్తింటికి పోనివ్వకుండా, "నా చెల్లి నా కొండ మీదే ఉంటుంది," అన్నది నువ్వు. ఉండాలంటే ఆమెకి నీళ్లు కావాలి.

ఊరివాళ్లు నవ్వుతారు. మేనమామ ఇంటికి పోయి ఎవడైనా గుర్రం తెచ్చుకుంటాడు, వీడు నీడ తెచ్చుకున్నాడంటారు. అననీ.

తవ్వకం శనివారం ఇరవై మూడున మొదలవుతుంది. ఊట నుంచి గీసిన గీత కింద చివర్న ఎడమకి తిప్పితే నీడ, కుడికి తిప్పితే ఎండ. ఇంకా ఎవరూ గునపం దించలేదు. మాకెన్ శుక్రవారం పొద్దున్నే మీ దగ్గర బయలుదేరి మధ్యాహ్నానికి పడమటి బస్టాండులో ఆగుతాడు. షిఫ్టు మార్చుకున్నాను, అక్కడే నిలబడి ఉంటాను. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, ఆవు సంగతులు తర్వాత రాద్దువుగాని. ఇస్తున్నావో లేదో రాసి, ఇరవై రెండు శుక్రవారం నాటికి మాకెన్ చేతిలో పెట్టు.

ఎర్నిస్